రోకలి పడేదాకా

మా అవ్వ దినాల నాడు కేసముద్రంలో మా ఇంటి ముందు షామియానా నేనే వేశాను. టెంట్‌హౌస్ నడిపేవాడి ఇంట్లో పెళ్ళయినా చావయినా గుంజలు పాతేది వాడే, కుర్చీలు దించేది వాడే. కాస్త కూర్చుని ఏడుద్దామనుకునే సరికి వచ్చినవాళ్ళు తిని చేతులు కడుక్కుంటూ ఉంటారు. అవ్వ అంటే మా నాయినను కన్నతల్లి. పందిట్లో ఆమె బొమ్మతో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. ఆమె బతికున్నన్నాళ్ళూ మా గడప తొక్కని పెద్దమనుషులు కొందరు ఆ ఫ్లెక్సీలో అవ్వ చుట్టూ నవ్వుతూ నిలబడ్డారు. ఆమె మొహం కన్నా వాళ్ళ మొహాలే కాస్త పెద్దవి. కింద 'ఉద్యమ తల్లికి జోహార్లు' అని రాయించారు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా నాయకుడొకాయన నా మైకు అందుకుని, "ఈ తల్లి లాఠీకి భయపడలే, జైలుకు భయపడలే, ఆకాశం ఇరిగి మీద పడ్డా భయపడేటిది కాదు" అన్నాడు.

అప్పుడు మా అక్క నవ్వింది. చీర కొంగు అడ్డం పెట్టుకుని నవ్విన నవ్వు కాదు. పక్కింటి దాకా వినపడే నవ్వు. భూపాలపల్లి నుంచి పొద్దున్నే బస్సు దిగి వచ్చి, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకుండా ఆడవాళ్ళ మధ్య చాప మీద కూర్చున్న స్వరూపక్క, తల వెనక్కి వేసి నవ్వింది. నాయకుడు తన మాటలో ఏదో చమత్కారం ఉందనుకుని తనూ కాస్త నవ్వాడు. అమ్మ అక్క మోచెయ్యి పట్టుకుని గిల్లింది. నాయిన గుంజ వైపు తిరిగి అసలే బిగువుగా ఉన్న తాడును మళ్ళీ బిగించాడు. నేను ఆంప్లిఫయర్ మీద చెయ్యి వేసి మైకు గొంతు తగ్గించాను. అక్క ఎందుకు నవ్విందో ఆ టెంటు కింద తెలిసినవాళ్ళం మేం ముగ్గురమే. ముగ్గురిలో నోరున్నవాణ్ణి నేనే కనక ఇది రాస్తున్నాను. ఎనిమిదో తరగతిలోనే బడి నా పీడ విరగడ చేసుకుంది. కాబట్టి రాతలో వంకరలుంటే నన్ను కాక బడిని అడగండి.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో మా ఊరు మిరపకాయల కాలంలో ఎలా ఉండేదో చెప్పాలి. మార్కెట్ యార్డు నిండా ఎర్రటి రాశులు పోసి ఉండేవి. గాలి ఇటు మళ్ళితే ఊరు ఊరంతా తుమ్మేది. రైలు మా స్టేషన్లో ఆగితే కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు; మా ఊరి మీద జాలితో అనుకునేవాణ్ణి. నాయిన యార్డులో హమాలీ. సాయంత్రం ఆయన ఇంటికొస్తే ముందు ఘాటు లోపలికొచ్చేది, తర్వాత ఆయన వచ్చేవాడు. అవ్వ ఆయన అంగీని ఇంట్లోకి రానిచ్చేది కాదు, బయట దండెం మీద వేయించేది. ఇంట్లో ఎవరు ఎప్పుడు ఎక్కడ ఏ బట్టతో ఉండాలో చెప్పేది అవ్వే. తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, పొయ్యి దగ్గర చుట్ట ముట్టించుకుని కూర్చునేది. ఆ చుట్ట అయిపోయేలోపు మా అందరికీ ఆ రోజు పనులు పంచేది. సర్వపిండి గిన్నెకు అద్ది కాలుస్తూ వేలితో చిల్లులు పెట్టేటప్పుడు మాత్రం ఆమె మొహం మెత్తబడేది. ఏదన్నా అడగాలంటే ఆ చిల్లుల వేళ అడగాలని నాకు అక్క నేర్పింది.

అప్పుడు నాకు మీసం కొత్త. మా మేనమామ టెంట్‌హౌస్‌లో పని. మండలాఫీసు ముందు రిలే నిరాహార దీక్షకు వేసిన టెంటు మాదే. మామూలుగా టెంటు అంటే పొద్దున వేసి సాయంత్రం పీకేది. ఇది వేసిన చోటనే ఎండి, తడిసి, రంగు వెలిసి, కింద పరిచిన టార్పాలిన్ పట్టాలలో చెమటా, సాంబారూ, వాడిన బంతిపూలూ కలిసిన వాసన పట్టుకుని, ఊళ్ళో ఒక ఇల్లులాగా అయిపోయింది. రోజుకో కులం, రోజుకో వృత్తి చొప్పున కూర్చునేవాళ్ళు. ఒకరోజు దర్జీలు, ఒకరోజు మంగలివాళ్ళు, ఒకరోజు ఆటోవాళ్ళు, ఒకరోజు పంతుళ్ళు. మంగలివాళ్ళు కూర్చున్న రోజు ఊరంతా గడ్డాలతో తిరిగితే, "ఇయ్యాల ఉద్యమం మొహాల మీద మొలిసింది" అని నేను మైకులో చెప్పాను. అందరూ నవ్వారు. అప్పటినుంచి పెద్దమనుషులు వచ్చేదాకా జనం లేచిపోకుండా మైకులో ఏదో ఒకటి వాగడం నా పని అయింది. కొమ్మాలుగాడు, అంటే నేను, మాట్లాడుతున్నాడంటే నవ్వడానికి ముందే పళ్ళు బయటపెట్టేవాళ్ళు. మనిషికి ఇంతకన్నా పెద్ద జబ్బు ఇంకోటి లేదని నాకు తర్వాత తెలిసింది.

అవ్వ సంగతి నిజమే. ఆమె లాఠీకి భయపడలేదు. రైలుపట్టాల మీద ఆడవాళ్ళను కూర్చోబెట్టి బతుకమ్మ ఆడించింది. పోలీసులు జబ్బ పట్టి ఈడిస్తే, "నన్ను ఈడ్సెటప్పుడు సూడు కొడుకా, నీ తల్లి గూడ నా ఈడుదే ఉంటది" అని ఆ పోలీసు తల దించుకునేట్టు చేసింది. రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు మా టెంట్‌హౌస్ పెద్ద వంట గంజులు గాడిపొయ్యి మీదకు ఎక్కించి, బస్సుల వరసకు ఎదురుగా నిలబడి పప్పు గరిటె తిప్పింది. టీవీ అంటే ఆమెకు గిట్టదు. సినిమాల్లో మన మాట మాట్లాడేవాడు పనివాడో రౌడీనో అయి ఉంటాడని, మన యాస వినపడగానే అవతలివాళ్ళు నవ్వడానికి రెడీగా ఉంటారని తిట్టేది. "మనం మాట్లాడితే నగుతరు, మన ఓట్లు అడిగెటప్పుడు నగరు" అనేది. తిడుతూనే రోజూ చూసేది.

అక్కను జనగామలో ఇచ్చాం. తొలి కాన్పుకు పుట్టింటికి తీసుకొచ్చాం. ఎకసెక్కాలలో నాకు గురువు అక్కే; ఆమె ఇంటర్ దాకా చదివింది గనక జోకులకు కూడా పాస్ మార్కులు వేసేది. కడుపులో బిడ్డ తన్నినప్పుడల్లా చీర సర్దుకుని, "ఓ తెలంగాణా, జర ఆగు, గింత తొందరైతే ఎట్ల?" అనేది. దానికి అవ్వ, "నీ బిడ్డ నడిసే యాళ్ళకు రాష్ట్రం వస్తది సూడు, దాని ఏలు వట్టుకోని నేను జెండా ఎగరేస్త" అనేది. ఏడో నెలలో కూడా అక్క దీక్ష టెంటు దగ్గరికొచ్చి కుర్చీలో కూర్చుని నా మాటలకు అందరికన్నా ముందు నవ్వేది. తొమ్మిదో నెల మొదట్లో స్కానింగు తీయిస్తే, పేగు బిడ్డ మెడకు చుట్టుకుని ఉందన్నారు. "నొప్పులు మొదలైతే ఇంట్ల ఉంచొద్దు, గంట గూడ ఆగొద్దు, సక్కగ మానుకోట దవాఖానకు తీస్కపోవాలె" అని నర్సమ్మ అమ్మకు రెండుసార్లు చెప్పింది. మానుకోట అంటే మహబూబాబాదే. మా ఊరి నుంచి బండి మీద అర్ధగంట. అమ్మ ఆ మాట అవ్వకు చెప్పింది. అవ్వ సరేనంది. అప్పటికి ఆకాశంలో ఏ అడ్డమూ లేదు.

తర్వాత టీవీలో రాయి వచ్చింది. ఆకాశంలో ఎక్కడో తిరుగుతున్న ఒక పెద్ద బండ భూమికి బాగా దగ్గరగా వచ్చి పోతుందట. తగలదని శాస్త్రం తెలిసినవాళ్ళు మొదటిరోజే చెప్పారు. కాని తగలని రాయిని చూపిస్తే టీవీ ఎవరు చూస్తారు? అందుకని భూగోళం వైపు నిప్పులు కక్కుతూ ఒక బండ దూసుకొస్తున్న బొమ్మను పొద్దస్తమానం తిప్పారు. మానుకోటలో అంతకుముందు రైల్వేస్టేషన్ దగ్గర జనం చేతుల్లో పట్టాల కంకర రాళ్ళు ఎట్లా లేచాయో లోకమంతా చూసింది. నేను టెంటు కింద మైకు పట్టుకుని, "మన కాడ కంకర అయిపోయిందని పైనుంచి లోడు పంపుతున్రు, దిగుమతి చేసుకోనీకి హమాలోళ్ళు తయారుండాలె" అన్నాను. జనం పడీ పడీ నవ్వారు. ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు. టీవీలో పట్టుపంచె కట్టుకున్న జ్యోతిష్కుడొకాయన కూర్చుని, గర్భిణీ స్త్రీలు ఈ సమయంలో బయట తిరగరాదని, గ్రహణ నియమాలే పాటించాలని చెప్పాడు. ఏ మాటతీరు వింటే అవ్వకు ఒళ్ళు మండేదో సరిగ్గా ఆ మాటతీరులోనే చెప్పాడు. అవ్వ చుట్ట ఆర్పి మరీ విన్నది.

గ్రహణం మా ఇంట్లో చిన్న విషయం కాదు. పట్టు నుంచి విడుపు దాకా, అంటే గ్రహణం మొదలైనప్పటి నుంచి వదిలేదాకా, పొయ్యి వెలగదు. పచ్చడి జాడీల మీద, నీళ్ళ బిందె మీద గరిక పరకలు పడతాయి. కడుపుతో ఉన్న మనిషి చీకటి గదిలో కాళ్ళు చాపుకుని వెల్లకిలా పడుకోవాలి. గోక్కోకూడదు, కాళ్ళు ముడవకూడదు, గడప దాటకూడదు. దాటితే బిడ్డకు పెదవి చీలుతుంది, చెవి ఊడుతుంది. గ్రహణం ఉందో పోయిందో తెలుసుకునేందుకు మా అవ్వ దగ్గర పంచాంగం కన్నా గట్టి సాక్ష్యం ఉండేది: ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో రోకలిని నిలువుగా పెడుతుంది. గ్రహణం ఉన్నంతసేపూ రోకలి ఏ ఆసరా లేకుండా నిలబడుతుంది. విడుపు కాగానే దానంతట అదే పడిపోతుంది. వాళ్ళమ్మ చూపించిందట, వాళ్ళమ్మకు వాళ్ళమ్మ. మేమూ చిన్నప్పుడు చుట్టూ కూర్చుని కళ్ళార్పకుండా చూసేవాళ్ళం. అయితే ఆ ఏడు పాత రోకలి అడుగు అరిగి ఒరిగిపోతోందని వడ్లాయనకు, అంటే మా ఊరి వడ్రంగికి ఇచ్చి, అడుగు చదునుగా చెక్కించి కొత్త ఇనుప పొన్ను వేయించారు. అది నిలబడడానికి గ్రహణం అక్కర్లేదు. ఆ రోకలి బంద్‌కూ నిలబడుతుంది, బజారు తెరిచిన రోజూ నిలబడుతుంది.

రాయి వచ్చే రోజున బంద్ కూడా పడింది. బస్సుల్లేవు, రైళ్ళు ఆగిపోయాయి, యార్డు మూతపడి నాయిన ఇంటి దగ్గరే ఉన్నాడు. పొద్దున అక్క పళ్ళు తోముకుంటూ నడుం పట్టుకుని వంగింది. కాసేపటికి మళ్ళీ వంగింది. అమ్మ బట్టలు మూటగట్టింది. నేను టెంట్‌హౌస్ ట్రాలీ ఆటో తెచ్చి, వెనక రెండు పరుపులు పరిచి, వాకిట్లో పెట్టాను. అప్పటికి అవ్వ పళ్ళెంలో నీళ్ళు పోసింది. రోకలి నిలబెట్టింది. చెయ్యి తీసింది. అది స్తంభంలాగా నిలబడింది.

"సూసిన్రా? పట్టింది. విడుపు గానియ్యి, గప్పుడు పోదురు," అన్నది అవ్వ. "తొలి కాన్పు, గింతల్నే గాదు. నేను ఆరుగురిని కన్న, ఒక్కరికి గూడ దవాఖాన మొఖం సూడలే."

"అత్తా, నర్సమ్మ ఆగొద్దన్నది," అన్నది అమ్మ నెమ్మదిగా.

"నర్సమ్మ పైన మొగులు సూసి చెప్పిందా? గిప్పుడు గడప దాటితె రేపు బిడ్డ మొఖం ఎట్లుంటదో నువ్వే సూడు."

అక్కను లోపలి గదిలోకి తీసుకెళ్ళారు. కిటికీకి సందు ఉందని, ఆ సందుకు అడ్డంగా కట్టడానికి నా ట్రాలీలోని పట్టానే తీసుకుపోయారు. దీక్ష టెంటులో నెలల తరబడి జనం కూర్చున్న పట్టా అది. ఆ వాసనలో, ఆ చీకట్లో అక్క కాళ్ళు చాపుకుని పడుకుంది. కాస్త తెరిపి దొరికినప్పుడు లోపలినుంచి, "కొమ్మాలూ, గా రాయికి మన అడ్రసు ఎవడిచ్చిండురా?" అని అరిచింది. ఆ రోజు ఆమె వేసిన ఆఖరి జోకు అదే. దానికి నవ్వింది నేనొక్కణ్ణే.

నేను టెంటు దగ్గరికి పరుగెత్తాను. ఆ రోజు పంతుళ్ళ వంతు. మా బడిలో లెక్కలూ సైన్సూ చెప్పే సారు, నన్ను ఎన్నోసార్లు బెంచీ ఎక్కించిన సారు, మెడలో దండతో కూర్చుని ఉన్నాడు. రాయి ఎప్పుడు పోతుందని అడిగాను. "నీకు జోకులకు ఇంకో టైం దొరకదారా?" అన్నాడు. నా మొహం చూసి మళ్ళీ, "అది తెల్లారగట్లనే దాటిపోయింది కొమ్మాలూ. మనం లేవకముందే. టీవీవోళ్ళు పాత బొమ్మ తిప్పుతున్నరు. ఎందుకడుగుతున్నవ్?" అన్నాడు. సంగతి చెప్పగానే దండ తీసి కుర్చీ మీద పెట్టి నాతో లేచి వచ్చాడు. దారిలో నాకు ఎంత ధైర్యం వచ్చిందంటే, ట్రాలీని ఇంకో సందులోంచి తిప్పుకుని పోదామా, మెయిన్ రోడ్డు మీద పోదామా అని కూడా ఆలోచించాను.

ఇంటికొచ్చి ముందు నేను చెప్పాను. "రాయి పోయింది. పొద్దుగాల్నే పోయింది. ఇగ పాండి." నాయిన గోడకు ఆనుకుని కూర్చున్నవాడు తలెత్తి చూశాడు. చుట్టూ చేరిన వాడకట్టు ఆడవాళ్ళలో ఒకామె కిసుక్కుమంది. ఆమెను చూసి ఇంకొకామె. "యాడికి పోయిందిరా, బస్టాండుకా? బంద్ గదా, బస్సు దొరికిందా దానికి?" అన్నారు. నేను నవ్వలేదు. నేను నవ్వకపోవడం కూడా వాళ్ళకు నవ్వులాటే అయింది. తర్వాత, ఎన్నాళ్ళకో, వీళ్ళలోనే కొందరు, "నువ్వు ఎప్పుడూ ఎకసెక్కాలు ఆడకపోతే గా రోజు నమ్మేటోళ్ళం" అన్నారు. తప్పు నా నెత్తిన పెట్టి తేలికపడదామని చూశారు. నేను పెట్టుకోలేదు. నమ్మకపోయినా నష్టం లేని మాటకు నవ్వవచ్చు. లోపల మనిషి మూలుగుతుంటే నవ్వినవాళ్ళు ఎవరి మాట వింటారు?

సారు మాట వేరు. సారంటే అవ్వకు గౌరవం. కుర్చీ తెప్పించింది. ఆయన కూర్చోకుండానే రోకలి ముందు వంగి చూశాడు. "అవ్వా, దీని అడుగు చదునుగ ఉన్నది. గందుకే నిలవడ్డది. ఎప్పుడు పెట్టినా నిలవడ్తది," అన్నాడు. పళ్ళెంలోంచి రోకలిని పైకెత్తి, పక్కన గచ్చు మీద నీళ్ళు లేని చోట నిలబెట్టి, చెయ్యి తీశాడు. రోకలి నిలబడింది. ఇక అయిపోయిందనుకున్నాను నేను.

అవ్వ దాన్ని చూసింది, సారును చూసింది. "సూసినవా సారూ," అన్నది, "నీ చేతిల గూడ నిలవడ్డది. నీళ్ళు లేకున్నా నిలవడ్డది. అంటే ఎంత గట్టిగ పట్టిందో సూడు."

పాఠం ఎట్లా చెప్పాలో తెలిసిన మనిషి, పాఠమే ఎదురుతిరిగితే ఏం చేస్తాడు? "నువ్వన్న చెప్పు" అని సారు మా నాయిన వైపు తిరిగాడు. నాయిన లేచాడు. మిరపకాయల బోరాలు మోసిన వీపు. దాన్ని అవ్వ ముందు నిటారుగా నేనెప్పుడూ చూడలేదు. "అవ్వ చెప్తున్నది గద సారూ. ఇంకొద్దిసేపే," అన్నాడు. బావ జనగామ నుంచి ఫోన్ చేశాడు; రైళ్ళు లేక అక్కడే ఇరుక్కుపోయాడు. "తీస్కపోండ్రి, జల్ది తీస్కపోండ్రి" అని ఫోనులో ఆయన అరవడం బయటికి వినిపించింది. "మొగపిలగాడు, ఆయనకేం ఎర్క" అన్నది అవ్వ. సారు వెళ్ళాక నేను రోకలిని కాలితో తన్నాను. అది దొర్లుకుంటూ పోయి గోడకు తగిలింది. "పడ్డది!" అన్నాను. అవ్వ నా మీద చెయ్యెత్తలేదు, తిట్టలేదు. వెళ్ళి దాన్ని తెచ్చి, కడిగి, పళ్ళెంలో మళ్ళీ నిలబెట్టింది. "తంతే పడ్డది లెక్కకు రాదు. దానంతట అదే పడాలె," అన్నది. అవ్వకు కోపం కూడా లేదు. బిడ్డ బాగుండాలనే ఆమె ప్రాణమంతా. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆమె మీద కోపం తీరుగా నిలబడదు, పోదు కూడా.

మధ్యాహ్నం కరెంటు పోయింది. ఆ రోజుల్లో అది వార్త కాదు. టీవీ ఆగిపోయింది, రాయి వెళ్ళిపోయిందని చెప్పే దిక్కు కూడా ఇంట్లో లేదు. లోపల ఉమ్మనీరు పోయిందని అమ్మ వచ్చి చెవిలో చెప్పింది. అవ్వ గడప దగ్గర కూర్చుని రోకలి వైపే చూస్తోంది. చుట్ట లేదు, నీళ్ళు లేవు. గ్రహణం పట్టినప్పుడు తనూ ఏమీ ముట్టదు. పొద్దు వాలే వేళకు లోపలి గది తలుపు తెరుచుకుంది. అక్క గోడ పట్టుకుని బయటికొచ్చింది. జుట్టంతా మొహానికి అతుక్కుని ఉంది. ఎవరి వైపూ చూడలేదు. వంగలేక వంగి, రెండు చేతులతో రోకలిని ఎత్తి, వాకిట్లోకి విసిరేసింది. ఆ చప్పుడుకు కోళ్ళు చెదిరిపోయాయి.

"పడ్డది," అన్నది. "ఇగ పాండ్రి."

అప్పుడు కూడా అవ్వ ఒక చెంబెడు నీళ్ళు అక్క నెత్తిన పోసింది. విడుపు స్నానం లేకుండా పంపనంది. తడి తలతో, తడి జాకెట్టుతో అక్కను ట్రాలీలో పడుకోబెట్టాం. అమ్మ పక్కన కూర్చుంది. మానుకోట దగ్గరికి పోయేసరికి రోడ్డంతా టైర్లు కాలుతున్నాయి, జనం అడ్డంగా కూర్చున్నారు. నేను హారన్ కొట్టకముందే ఒక పిలగాడు చూసి, "కాన్పు కేసు! జరుగుండ్రి, జరుగుండ్రి!" అని అరిచాడు. అంత జనం లేచి నిలబడి రెండు పాయలుగా విడిపోయారు. మండుతున్న టైరును కట్టెలతో పక్కకు నెట్టారు. ఒకామె నీళ్ళ సీసా ట్రాలీలో వేసింది. బంద్ మమ్మల్ని ఒక్క నిమిషం ఆపలేదు. మా ఇల్లు పొద్దంతా ఆపింది.

దవాఖానలో నర్సు అక్కను లోపలికి తీసుకుపోతూ, "నీళ్ళు ఎప్పుడు పోయినయి? ఇంతసేపు ఏం చేసిన్రు?" అని అడిగింది. అమ్మ నా మొహం చూసింది. ఏం చెప్పను? రోకలి పడలేదని చెప్పనా? ఆడపిల్ల పుట్టింది. ఒళ్ళు నిండుగా ఉంది, జుట్టు ఒత్తుగా ఉంది. పెదవి చీలలేదు, చెవి ఊడలేదు. ఏడవలేదు. వాళ్ళు వీపు తట్టారు, కాళ్ళు పట్టి ఎత్తారు, చాలాసేపు చూశారు. వరండాలో రోగుల కోసం పెట్టిన టీవీలో, భూమి మీద ఎక్కడా ఎవరికీ ఏ హానీ జరగలేదని, రాయి క్షేమంగా దాటిపోయిందని ఒకమ్మాయి నవ్వు మొహంతో చెబుతోంది. దాని ముందు కూర్చున్న ముసలాయన ఒకడు చేతులు జోడించాడు.

బిడ్డను నాయినా నేనూ మా ఊరికి తెచ్చాం. మా వాళ్ళలో పసిగుడ్డును ఎక్కడ పెట్టారో తల్లికి చెప్పరు. తెలిస్తే మనసు అక్కడే ఉండిపోతుందని, మళ్ళీ కడుపు పండదని. రైలుపట్టాలు దాటి, పత్తి చేలకూ చెలక భూమికీ నడుమ ఒక తుమ్మచెట్టు కింద పెట్టాం. నాయినకు తవ్వడం రాక కాదు, చేతులు ఆడలేదు, నేనే తవ్వాను. ఆయన ఆ తర్వాత చాలా రోజులు అన్నం దగ్గర కూర్చుని లేచిపోయేవాడు. అవ్వ మాత్రం ఆడవాళ్ళ వంతు వచ్చిన రోజు టెంటుకు వెళ్ళింది, కూర్చుంది, ఎప్పటిలాగే పాట అందుకుంది. ఇంట్లో ఆ రోజు మాట ఎవరన్నా ఎత్తబోతే లేచి వాకిలి ఊడ్చేది. రోకలితో మళ్ళీ కారం దంచారు. ఆ కారం నేను తిన్నాను. తినక ఏం చేస్తాం?

రాష్ట్రం వచ్చింది. ఊరంతా రంగులు చల్లుకున్నారు, డప్పులు పగిలేదాకా కొట్టారు. అవ్వ మండలాఫీసు ముందు ఆడింది. నేను మైకులో అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాను. అక్క జనగామ నుంచి రాలేదు. బావకు బొగ్గుబాయిలో పని దొరికి భూపాలపల్లికి మారారు. రెండో కాన్పుకు పుట్టింటికి రమ్మంటే అక్క రాలేదు. అక్కడే కొడుకును కన్నది. పండగలకు వచ్చేది. "తిన్నవా అవ్వా?" "తిన్న బిడ్డా." ఇద్దరి మధ్య అన్నేళ్ళూ అంతే మాట. ఆమె నవ్వడం మేము మరిచిపోయాం. మానుకోట జిల్లా అయింది. టెంట్‌హౌస్ నాదయింది. అప్పుడు దీక్షలకు వేసిన షామియానాలు ఇప్పుడు నాయకుల పుట్టినరోజులకు వేస్తున్నాను. ఆనాడు పట్టా మీద ఎండకు కూర్చున్నవాళ్ళు ఇప్పుడు బారికేడ్ల అవతల నిలబడుతున్నారు. ఆనాడు టెంటు వైపు కూడా రానివాళ్ళు మెత్తటి సోఫాలు అడుగుతున్నారు. అవ్వ పింఛన్ కోసం వేలిముద్ర పడక ఎన్నిసార్లు తిరిగిందో ఫ్లెక్సీలోని పెద్దమనుషులకు తెలియదు. రాయి తగిలి ఉంటే లోకానికంతా ఒకటే దెబ్బ అయ్యేది. తగలకుండా పోయింది గనక ఎవరి దెబ్బ వాళ్ళ దగ్గరే ఉండిపోయింది.

దినాల భోజనాలయ్యాయి. నాయకుడు వెళ్ళిపోయాడు. నేను కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తుంటే అక్క వచ్చి పక్కన నిలబడింది.

"ఎక్కడ పెట్టిన్రురా?" అన్నది.

ఇన్నేళ్ళలో ఎన్నడూ అడగలేదు. అమ్మ గుమ్మంలోంచి వద్దన్నట్టు చెయ్యి ఊపింది. నేను చేతిలో కుర్చీ కింద పెట్టి బండి తీశాను. పట్టాలు దాటి పోయాం. చేలు లేవు. జిల్లా అయ్యాక మానుకోట చుట్టుపక్కల భూములు ఎట్లా ఎగిరాయో అందరికీ తెలుసు. మా ఊరి దాకా ఆ గాలి వచ్చింది. అక్కడంతా ఇప్పుడు వెంచర్. ప్రహరీ కట్టి, గేటు పెట్టి, లోపల పసుపూ తెలుపూ పూసిన హద్దురాళ్ళు వరసగా పాతారు. తుమ్మచెట్టు లేదు. నేను పట్టాల వంపును బట్టి, దూరంగా కనిపించే నీళ్ళ ట్యాంకును బట్టి అడుగులు వేసుకుంటూ పోయి మూలమీది ప్లాటు దగ్గర ఆగాను. చూపు మాత్రమే అటు తిప్పాను. అక్కకు అర్థమయింది.

వాచ్‌మన్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ప్లాటు సూడనీకి వచ్చిన్రా అన్నా? గా మూలమీదిదా? గది అమ్ముడువోయింది. అక్కా, ఇంకోటి సూపిస్త రాండ్రి, దీని తీర్గనే ఉంటది."

"కొననీకి కాదు తమ్మీ," అన్నది అక్క. "జరసేపు ఉండి పోతం."

హద్దురాయి దగ్గర ఆగి, చెప్పులు విప్పి, లోపలికి అడుగు పెట్టింది. వాచ్‌మన్ ఆమె కాళ్ళ వైపు చూసి నవ్వాడు. "చెప్పులెందుకు ఇడుస్తున్నవక్కా? ఇల్లు కట్టనీకి ఇంక ముగ్గు గూడ పోయలే గద."

నేను బండికి స్టాండు వేసి, నా చెప్పులు కూడా విప్పాను.